బల్లి చెవికి చలి పడుతుందా: పర్లాకిమిడి వసారాలో వేడి పలకల ప్రాజెక్టు డైరీ

కార్తీకం చివర: ప్రశ్న ఖరారు

గోడ మీది బల్లికి సొంత వేడి లేదు. రాత్రి గోడ 18 డిగ్రీలకు దిగితే కాసేపటికి బల్లీ అక్కడికే దిగుతుంది. మూడు నుంచి ఐదు గ్రాముల ఒంటికి అది నిమిషాల పని. చలికి దాని కాళ్ళు మందగించడం, పురుగును పట్టబోయి జారవిడవడం అందరం చూసేదే. చెవి మాటే ఎవరూ ఎత్తరు. శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే లోపలి చెవిలోని రోమకణాలు, అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే నరం అదే 18 డిగ్రీల్లో పనిచేయాలి మరి. మన లోపలి చెవి ఎండైనా వానైనా 37 దగ్గరే కూర్చుంటుంది కనుక మనకు ఈ ఊహ రాదు.

ప్రయోగశాలల్లో దీన్ని ఎప్పుడో కొలిచారు. క్యాంప్‌బెల్ 1969లో, వెర్నర్ 1972, 1976లలో బల్లి జాతుల వినికిడి స్పందనను వేడి మారుస్తూ చూశారు. ఒక్కో జాతికి చెవి బాగా పలికే వేడి ఒకటుంది. దానికి కిందికి పోయినా, మరీ పైకి పోయినా పదును తగ్గుతుంది. ఈటక్, మాన్లీ 1981లో టోకే అనే పెద్ద బల్లిలో ఒక్కో నాడీ తంతువును విడిగా పట్టి చూశారు. ఒళ్ళు చల్లబడితే తంతువు బాగా స్పందించే స్వరమే కిందికి జారుతుంది, వెచ్చబడితే పైకి ఎక్కుతుంది. డిగ్రీకి జారేది ఆక్టేవులో (స్వరపు పౌనఃపున్యం రెట్టింపయ్యే ఎడంలో) నూరో వంతులు కొన్నే, కానీ పన్నెండు డిగ్రీల తేడాకు అది కూడి పెద్దదవుతుంది. పాలిచ్చే జంతువుల్లో ఈ జారుడు లేదనే చెప్పవచ్చు.

అవన్నీ మత్తు ఇచ్చిన జంతువులో ఎలక్ట్రోడు పెట్టి చేసినవి. వెన్నెముక ఉన్న ప్రాణి మీద అలాంటి పనికి నమోదైన సంస్థ, జంతు నైతిక సంఘం అనుమతి కావాలి. ఇంటి వసారాలో చేయదగ్గది కాదు, చేయకూడదు కూడా. మా పద్ధతిలో బల్లిని పట్టడం లేదు, ముట్టుకోవడం లేదు, గుర్తు పెట్టడం లేదు. అది తన దారిన వచ్చి కూర్చుంటుంది, నచ్చకపోతే పోతుంది. మేం కెమెరాతో చూస్తాం.

అక్కడే అసలు చిక్కు. చల్లటి బల్లి శబ్దానికి కదలలేదంటే వినలేదనా, విన్నా కాళ్ళు రాలేదనా? ఈ రెండూ విడదీయలేకపోతే ఎన్ని నెలలు కొలిచినా కాగితం దండగే. విడదీసే దారి ప్రయోగశాల ఫలితంలోనే ఉంది. చలికి చెవి పైస్వరాలను ముందు పోగొట్టుకోవాలి. కాళ్ళకు మాత్రం స్వరభేదం తెలియదు. 1 కిలోహెర్ట్జ్ (సెకనుకు వెయ్యి కంపనాలు) విని కదిలే కాలూ 4 కిలోహెర్ట్జ్ విని కదిలే కాలూ ఒకటే. కాబట్టి ఒకే వేడిలో, ఒకే బల్లికి రెండు స్వరాలూ వినిపించాలి. చలికి రెండింటికీ స్పందన ఒకే లెక్కన పడిపోతే అది కాళ్ళ మందం. 4 కిలోహెర్ట్జ్‌కు ఎక్కువ పడిపోతే అది చెవి. ప్రాజెక్టు మొత్తం ఈ ఒక్క తేడా మీద నిలబడింది. పరికరాల్లో ప్రతి నిర్ణయం దీన్ని కాపాడటానికే.

తొండను ఎందుకు తీసుకోలేదంటే అది పగటి జీవి. ఎండ కాచుకుంటుంది, ఒంటి వేడి నిమిషానికోలా ఉంటుంది, పైగా కంటితోనే అంతా చూసుకుంటుంది. గోడబల్లి రాత్రి తిరుగుతుంది, తానూ అరుస్తుంది, దాని వేడి గోడ వేడే. మా ఒడియా పిల్లలు ఝిటిపిటి అనేది దీన్నే. బల్లి పలికితే నేల మీద మూడుసార్లు తట్టే అలవాటు వీధిలో తెలుగు, ఒడియా ఇళ్ళు రెండింటిలోనూ ఉంది. ప్రయోగం జరిగేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను అది ఆపమనాల్సి వస్తుంది, ఆ తట్టు కెమెరాలో పడుతుంది.

మార్గశిరం: వేడి పలక

గోడను వేడి చేయలేం, పలకను చేయొచ్చు. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న ఫైబర్ సిమెంటు షీటు ముక్కలు రెండు. వసారా గోడకు ఆనించి, మధ్య మీటరున్నర ఎడం ఉంచి నిలబెడతాం. రెండింటి పైనా ఒకే రకం, ఒకే వాటేజి ఎల్‌ఈడీ దీపం. దీపానికి పురుగులు, పురుగులకు బల్లులు. ఒక పలక ఆ రాత్రి గాలి వేడిలోనే ఉంటుంది, రెండోది వెచ్చగా. ఏది ఏదో రోజూ బొమ్మా బొరుసూ వేసి మార్చాలి. లేకపోతే కుడి మూలలో కాపురముండే బల్లి ఎప్పుడూ వెచ్చటి లెక్కలోనే పడుతుంది.

పలకకు సున్నం కొట్టొద్దు. చూడటానికి గోడలా ఉంటుంది గానీ సున్నపు పొడి బల్లి కాలివేళ్ళ పొరలకు అంటుకుని పట్టు జారుతుంది. జారిన బల్లి శబ్దం లేకుండానే ఉలిక్కిపడుతుంది. తెల్ల డిస్టెంపరు రెండు పూతలు, ఆరాక తడిగుడ్డతో ఒక తుడుపు చాలు.

వేడికి ముందు అనుకున్నది జీరో వాట్ బల్బులు. పేరుకు సున్నా గానీ ఒక్కోటి పది పదిహేను వాట్లు తాగుతుంది. నాలుగింటిని పలక వెనక రేకు డబ్బాల్లో పెట్టి ఫ్యాను రెగ్యులేటరుతో తగ్గించడం సులువుగా కనిపిస్తుంది. రెండు కారణాలతో పనికిరాదు. ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కరెంటు అలను ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలకు ఫిలమెంటు సన్నగా పాడుతుంది. 100 హెర్ట్జ్, దాని గుణిజాలు కిలోహెర్ట్జ్ దాటి వినిపిస్తాయి. వెచ్చటి పలక మీద మాత్రమే రొద ఉంటే వేడికీ రొదకూ తేడా తెలియదు. రెండోది, బల్బు వెనక వేడి ఒకచోటే గుమిగూడుతుంది. చేతికి ఏడెనిమిది డిగ్రీల తేడా తెలిసిపోతుంది. వెనక థర్మోకోల్ పెట్టాలని కొందరికి అనిపిస్తుంది. బల్బు దగ్గర అది మెత్తబడి కుంగుతుంది, అంటుకునే ప్రమాదమూ ఉంది. వద్దు.

ఇప్పుడు ఉన్న ఏర్పాటు ఇది. 10 ఓమ్‌ల, 25 వాట్ల అల్యూమినియం తొడుగు రెసిస్టర్లు నాలుగు, 12 వోల్టుల ఇన్వర్టరు బ్యాటరీకి సమాంతరంగా. ఒక్కోటి 14.4 వాట్లు, నాలుగూ కలిపి 57.6 వాట్లు, కరెంటు 4.8 ఆంపియర్లు. వైరు ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్లది, బ్యాటరీ దగ్గరే 7.5 ఆంపియర్ల ఫ్యూజు. రెసిస్టర్లను నేరుగా సిమెంటు షీటుకు బిగిస్తే వాటి కింద మచ్చల్లా వేడెక్కుతుంది. 2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకును పలక వెనక మొత్తం పరిచి, దానికి హీట్‌సింక్ పేస్టు రాసి బిగించాలి. దాని వెనక కొబ్బరి పీచు పరుపు, దాని వెనక ప్లైవుడ్. బ్యాటరీది నేరు కరెంటు కాబట్టి గుయ్యిమనదు.

వేడి సరిపోతుందా అన్నది ముందే లెక్క కట్టొచ్చు. పలక ముఖం 0.27 చదరపు మీటర్లు. నిశ్చలమైన గాలిలో గాలి ద్వారా, వికిరణం ద్వారా కలిపి చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకు సుమారు 10 వాట్లు పోతాయి. గాలి కంటే 12 డిగ్రీలు పైన నిలపాలంటే 32 వాట్లు ముందు నుంచి పోతాయి, వెనక నుంచి కొంత. 57 చాలు. వేడి ఆపితే ఎంత త్వరగా చల్లారుతుంది? షీటు బరువు మూడు కిలోల లోపు, డిగ్రీకి సుమారు 2.9 కిలోజౌళ్ళు. పది డిగ్రీల ఎత్తులో నిమిషానికి అర డిగ్రీ పైచిలుకు పడుతుంది. అల్యూమినియం రేకు కలిశాక కొంచెం నెమ్మదిస్తుంది. ఒక పరీక్ష రెండు నిమిషాల్లో ముగిస్తే డిగ్రీ లోపు మార్పే.

ఆన్ ఆఫ్ చేయడానికి రిలే పెట్టకూడదు. దాని టిక్కు అన్ని స్వరాలూ కలిసిన శబ్దం, బల్లి దానికి ముందే తల తిప్పుతుంది. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ స్విచ్చు, తక్కువ గేట్ వోల్టేజికి పూర్తిగా తెరుచుకునే మాస్‌ఫెట్ వాడి, అర డిగ్రీ అటూ ఇటూ అయ్యేదాకా కదలకుండా ఉండే మామూలు ఆన్ ఆఫ్ పద్ధతి చాలు. పల్సులు వేగంగా మార్చే పద్ధతి వాడితే ఆ వేగమే ఒక స్వరమై రెసిస్టరు తొడుగు నుంచి, వైర్ల నుంచి వినిపించవచ్చు. పై హద్దు 34 డిగ్రీలు, ప్రోగ్రాములోనే కట్టేశాం. గోడబల్లి ఇంతకంటే వెచ్చదనం కోరుకోదు.

మార్గశిరం చివర: ఒంటి వేడిని ముట్టుకోకుండా

పరారుణ థర్మామీటరు తుపాకీ చాలామంది తప్పుగా వాడే పరికరం. దాని మీద 12:1 అని రాసి ఉంటే, 12 సెంటీమీటర్ల దూరం నుంచి అది చూసే మచ్చ వెడల్పు సెంటీమీటరు. బల్లి నడుమూ అంతే. అర మీటరు నుంచి గురిపెడితే నాలుగు సెంటీమీటర్ల మచ్చలో బల్లి పావు, గోడ ముప్పావు. లేజరు చుక్క బల్లి మీద ఉన్నంత మాత్రాన కొలుస్తున్నది బల్లిని కాదు. పన్నెండు సెంటీమీటర్లకు వెళ్తే బల్లి ఉండదు. అదీ కాక లేజరు దాని కంట్లో పడకూడదు.

అందుకని బల్లి ఒంటి వేడిని అంచనా వేసే ఉత్తుత్తి బల్లి. ఫ్రిజ్ మరమ్మతు దుకాణంలో దొరికే 12 మిల్లీమీటర్ల రాగి గొట్టం, ఆరు సెంటీమీటర్ల ముక్క. లోపల వైర్లు తొడిగిన చిన్న డీఎస్18బీ20 వేడి సెన్సరు, చుట్టూ నీళ్ళు, రెండు చివరలా ఎం-సీల్. గొట్టం గుండ్రంగా ఉంటే పలకను ఒక గీతలో మాత్రమే తాకుతుంది. బల్లి పొట్ట అలా కాదు, వెడల్పుగా అతుక్కుంటుంది. కాబట్టి నీళ్ళు పోయకముందే చెక్క సుత్తితో ఒక వైపు చదును చేయాలి. మెరిసే రాగి వికిరణాన్ని సరిగా ఇచ్చిపుచ్చుకోదు, మెరుపు లేని బూడిద రంగు పూయాలి. నీళ్ళు నిండా పోసి మూస్తే వేడికి వ్యాకోచించి ఎం-సీల్ పగులుతుంది. పదో వంతు గాలి వదలండి.

డీఎస్18బీ20 కాగితం మీద అర డిగ్రీ అటూ ఇటూ తప్పొచ్చని చెప్పే సెన్సరు. బజార్లో నకిలీలు విరివిగా ఉన్నాయి, వాటి తప్పు అంతకంటే ఎక్కువ. కొట్టిన ఐసు, కాస్త నీళ్ళు కలిపిన గ్లాసులో కదుపుతూ సున్నా చూడాలి, 37 దగ్గర గోరువెచ్చని నీళ్ళలో డిజిటల్ జ్వరం థర్మామీటరుతో సరిపోల్చాలి. రెండు చోట్లా తేడా రాసుకుని ప్రోగ్రాములో తీసేస్తే చాలు. డేటా తీగకు 4.7 కిలో ఓమ్‌ల పుల్ అప్ రెసిస్టరు మరిచిపోతే మైనస్ 127 అని చూపిస్తుంది. 85 అని చూపిస్తే సెన్సరు కొలవకముందే అడిగారని అర్థం, 750 మిల్లీసెకన్లు ఆగాలి.

ఒక్కో పలక మీద ఉత్తుత్తి బల్లులు రెండు, పైన ఒకటి, కింద ఒకటి. వెచ్చటి గాలి పైకి పోతుంది కనుక పైది కొంచెం ఎక్కువ చూపిస్తుంది. బల్లి ఎక్కడ కూర్చుందో వీడియోలో చూసి రెండింటి మధ్య లెక్క కడతాం. పలక మీదికి వచ్చి పది నిమిషాలు కూర్చున్న బల్లినే పరీక్షకు తీసుకోవాలి. పాత ట్యూబులైటు చోక్ వెనక నుంచి అప్పుడే దిగి వచ్చిన బల్లి చల్లటి పలక మీద ఉన్నా వెచ్చటి బల్లే. ఆ కారణంగా వసారాలోని పాత ట్యూబులైటు తీసి పక్కన పెట్టాం.

పుష్యం: శబ్దం

బల్లుల వినికిడి కొన్ని వందల హెర్ట్జ్‌ల నుంచి సుమారు ఐదు కిలోహెర్ట్జ్‌ల దాకా. అందులో 1, 4 కిలోహెర్ట్జ్‌లు ఎంచుకున్నాం. ఒకటి మధ్యలో, రెండోది పై అంచు దగ్గర.

శుద్ధ స్వరం వాడకండి. వసారా గోడల మధ్య 1 కిలోహెర్ట్జ్ స్వరానికి అలపొడవు 34 సెంటీమీటర్లు. ప్రతిధ్వనితో కలిసి ప్రతి 17 సెంటీమీటర్లకూ ఒక గుంట పడుతుంది. బల్లి నాలుగు వేళ్ళు పక్కకు జరిగితే పది డెసిబెల్లకు పైగా తేడా రావచ్చు. 4 కిలోహెర్ట్జ్‌కు గుంటలు నాలుగు సెంటీమీటర్లకోటి. ఇదీ స్వరాన్ని బట్టి మారే తప్పు కాబట్టి మన ప్రశ్నకు నేరుగా దెబ్బ. ఆక్టేవులో మూడో వంతు వెడల్పున్న రొద వాడితే గుంటలు పూడుతాయి: 891 నుంచి 1122 హెర్ట్జ్ దాకా ఒకటి, 3564 నుంచి 4490 దాకా ఇంకొకటి. పైథాన్‌లో తెల్ల రొద, అంటే అన్ని స్వరాలూ సమంగా ఉన్న రొద, తయారు చేసి, బటర్‌వర్త్ వడపోత ముందుకూ వెనక్కూ నడిపితే వస్తుంది. ఒక్కో తునక 200 మిల్లీసెకన్లు, మొదటా చివరా 10 మిల్లీసెకన్ల వాలు. వాలు లేకుండా కోస్తే మొదట్లో టక్కుమంటుంది. ఆ టక్కులో అన్ని స్వరాలూ ఉంటాయి, బల్లి దాన్ని విని 4 కిలోహెర్ట్జ్ విన్నట్టు లెక్కలో చేరుతుంది. సెకనుకొకటి చొప్పున మూడు తునకలు ఒక పరీక్ష.

స్పీకరు మూడంగుళాలది, చెక్క పెట్టెలో. పీఏఎం8403 ఆంప్లిఫయరు చౌక, బాగానే పలుకుతుంది, కానీ ఆన్ చేసేటప్పుడు ఠప్పుమంటుంది. సాయంత్రం ఆన్ చేసి రాత్రి దాకా కట్టేయకుండా, నిశ్శబ్దమూ తునకలూ కలిసిన పొడుగాటి ఒకే ఫైలు నడపడమే మందు. బ్లూటూత్ స్పీకరు అసలే వద్దు, కాసేపు శబ్దం లేకపోతే నిద్రపోయి లేచేటప్పుడు చిటుక్కుమంటుంది. ఫోను ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి.

స్పీకరును ఎక్కడ పెట్టాలన్నది పైకి కనిపించేంత చిన్న విషయం కాదు. బల్లి రెండు చెవులూ నోటి గుండా ఒకదానితో ఒకటి తెరుచుకుని ఉంటాయి. ఒక వైపు నుంచి వచ్చిన శబ్దం రెండో కర్ణభేరిని లోపలి వైపు నుంచి కూడా తాకుతుంది. దిక్కు కనిపెట్టడంలో బల్లులు గట్టివి కావడానికి కారణం ఇదేనని క్రిస్టెన్సెన్-డాల్స్‌గార్డ్, మాన్లీ 2005లో చూపించారు. ఈ దిక్కు ప్రభావం అన్ని స్వరాలకూ ఒకేలా ఉండదు. స్పీకరు పక్కన పెడితే బల్లి తల ఎటు తిరిగిందన్నదే 1, 4 కిలోహెర్ట్జ్‌ల తేడాను మార్చేస్తుంది. అందుకే పలకకు ఎదురుగా, దానికి సరిగ్గా లంబంగా, మీటరు దూరంలో పెట్టాం. బల్లి పైకి చూసినా కిందికి చూసినా శబ్దం దాని వీపు మీద పడుతుంది, రెండు చెవులకూ సమానం.

స్పీకరు గోడకూ, పలకకూ, వసారా స్తంభానికీ తాకకూడదు. వెదురు కర్రల ముక్కాలి మీద, సైకిలు ట్యూబు ముక్కలతో వేలాడదీశాం. అదురు కాళ్ళ ద్వారా తెలిస్తే అది వినికిడి కాదు. అదురును కరెంటుగా మార్చే 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ళను పలకకు అతికించి రికార్డు చేస్తే అదురు వస్తోందో లేదో తెలుస్తుంది. స్పీకరు ముందు మందపాటి దుప్పటి అడ్డం పెట్టి మళ్ళీ చూడండి. గాలి శబ్దం తగ్గినంతగా పీజో తగ్గకపోతే అదురు నేల మీదుగా వస్తోందన్నమాట.

శబ్దం మోతాదు బల్లి కూర్చునే చోట కొలవాలి: 45, 55, 65 డెసిబెల్లు. చౌక మీటర్లు ఏ-భారంతో, అంటే మనిషి చెవికి తగ్గట్టు స్వరాలను హెచ్చించి తగ్గించి, చూపిస్తాయి. 1 కిలోహెర్ట్జ్ దగ్గర అది ఉన్నదున్నట్టే, 4 దగ్గర ఒక డెసిబెల్ ఎక్కువ చూపిస్తుంది. తీసేయాలి. పలక మీద తొమ్మిది చోట్ల కొలిచి, మూడు డెసిబెల్ల కంటే తేడా ఉన్న మూలల్లో కూర్చున్న బల్లిని వదిలేస్తాం. ఈ కొలత ప్రతి సాయంత్రం. చలికి స్పీకరు కోను బిగుసుకున్నా బల్లి చెవి మీద నేరం పడకుండా ఇదొక్కటే కాపలా.

పుష్యం, మాఘం: పరీక్షలు

చల్లటి పలక 18 దగ్గర, వెచ్చటి పలక ఒకసారి మధ్యస్థంగా 24 దగ్గర, ఒకసారి 30 దగ్గర. చలి రాత్రుల్లో మాత్రమే మూడూ ఒకే సాయంత్రం దొరుకుతాయి. ఎండాకాలంలో పలకను చల్లబరచాలంటే వెనక ఐసు పెట్టాలి, ముందు చెమ్మ పడుతుంది, బల్లి పట్టు పోతుంది. కనుక ఈ ప్రాజెక్టుకు కాలం శివరాత్రి లోపే. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందన్నది మా వైపు మహేంద్రగిరి గాలి ఉన్నా నిజమే.

స్పందన అంటే ఏమిటో ముందే రాసిపెట్టుకోవాలి. మొదటి తునక నుంచి రెండు సెకన్ల లోపు తల కదలడం, ఒళ్ళు కదలడం, లేదా గొంతు కింద కొట్టుకునే చర్మం ఆగడం. మూడోదే విలువైనది. పరుగెత్తడానికి కండలు కావాలి, ఆగడానికి అంత అక్కర్లేదు. చల్లటి బల్లి చాలాసార్లు కాలు కదపకుండా గొంతు మాత్రం బిగబడుతుంది. మామూలు కంటితో చూస్తే దీన్ని చెవుడు అనుకుంటాం. గొంతు చలికి నెమ్మదిగా కొట్టుకుంటుంది కాబట్టి, మునుపటి పది సెకన్లలో ఎంత ఎడంగా కొట్టుకుందో చూసి, దానికి రెట్టింపు ఎడం వస్తేనే ఆగినట్టు. ఫోను కెమెరా సెకనుకు 60 ఫ్రేములు, బల్లి వైపుకు కనిపించకుండా కెమెరాకు మాత్రమే కనిపించే చిన్న ఎల్‌ఈడీ తునక మొదలైన క్షణాన్ని చూపిస్తుంది. వీడియో చూసి మార్కు వేసేవారు శబ్దం కట్టేసి చూడాలి, ఏ పలకో ఏ స్వరమో వాళ్ళకు తెలియకూడదు. ఇద్దరు విడివిడిగా వేసి, పొసగనివి మూడోవారికి.

ప్రతి నాలుగు పరీక్షలకు ఒక మూగ పరీక్ష ఉంటుంది: అన్నీ అలాగే, శబ్దం మాత్రం లేదు. వెచ్చటి బల్లి ఊరకే ఎక్కువ కదులుతుంది. మూగ పరీక్షల్లో కదిలిన వాటాను తీసేయకపోతే వెచ్చటి బల్లికి చెవి చురుకని తప్పుడు తీర్పు వస్తుంది. కంటి పరీక్ష కూడా ఒకటుంది: నల్ల దారానికి కట్టిన పూస పలక ముందు లోలకంలా ఒకసారి ఊగుతుంది, దారం వదిలేది గోడ చాటు నుంచి. శబ్దానికీ పూసకీ రెండింటికీ కదలని బల్లి ఆ రాత్రి లెక్కలోకి రాదు. అది నిద్రమత్తులోనో, కడుపు నిండో ఉంది.

పరీక్షకూ పరీక్షకూ మధ్య కనీసం మూడు నిమిషాలు. దగ్గర దగ్గరగా వేస్తే బల్లి అలవాటు పడి పట్టించుకోదు. ఆ అలవాటు కూడా వేడిని బట్టి మారవచ్చు కాబట్టి ఒక బల్లికి ఒక రాత్రిలో ఆరు మించకూడదు.

ఒకే బల్లిని మళ్ళీ మళ్ళీ కొలిచి వేర్వేరు బల్లులుగా లెక్కించడం ఇలాంటి పనుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు. వీపు రంగు చూసి గుర్తుపట్టలేం, అది గంటలో పాలిపోతుంది. తోక తెగి మళ్ళీ పెరిగిన చోటు, లోపించిన వేలు, దవడ దగ్గరి మచ్చలు ఫొటోల్లో పోల్చాలి. వసారాలో స్థిరంగా ఉండేవి కొద్దే.

ఊరి శబ్దాల గురించి ఒక మాట. గుణుపురం రైలు కూత, పెళ్ళి బాజా, పక్కింటి టీవీ సీరియలు పాట, ఇవి పడిన పరీక్షను వెంటనే కొట్టేయాలి, తర్వాత చూద్దామనుకోకూడదు. ఫలితం చూశాక కొట్టేయడం మొదలైతే మనకు నచ్చనివే పోతాయి.

శివరాత్రి తర్వాత: కీచురాళ్ళు

వేడెక్కేకొద్దీ కీచురాళ్ళు లేస్తాయి. పొలం కీచురాళ్ళ స్వరం సరిగ్గా 4, 5 కిలోహెర్ట్జ్‌ల మధ్య. అవీ చల్లటి నెత్తురువే, వేడికి వేగంగా అరుస్తాయి. డోల్‌బేర్ 1897లో కీచురాయి అరుపుల లెక్కతో గాలి వేడి చెప్పే సూత్రం రాసింది ఇందుకే. మాకు వచ్చిన తంటా ఏమంటే, వెచ్చటి రాత్రి మా 4 కిలోహెర్ట్జ్ తునక కీచురాళ్ళలో మునిగిపోతుంది, 1 కిలోహెర్ట్జ్ మునగదు. చెవి వెచ్చబడి పైస్వరం బాగా వినాల్సిన రాత్రే పైస్వరానికి ముసుగు పడుతోంది. తప్పు మన ఊహకు ఎదురు దిశలో ఉంది కాబట్టి పరవాలేదని సర్దుకుంటే, రేపు ఫలితం ఏమీ రాకపోతే ఎందుకు రాలేదో చెప్పలేం.

ఇప్పుడు ప్రతి తునకకు ముందు సెకను రొదను అదే మూడో వంతు ఆక్టేవు పట్టీలో కొలిచి పట్టికలో రాస్తున్నాం. తునకకూ రొదకూ 15 డెసిబెల్ల తేడా లేకపోతే ఆ పరీక్ష చెల్లదు. దీంతో 45 డెసిబెల్ల వరుస ఫాల్గుణంలో దాదాపు ఖాళీ అయింది. మాఘంలో తీసినవే మిగులుతాయి.

చైత్రం: లెక్క

ఇలాంటి పని మొదలెట్టేవారు ముందు వేయాల్సిన లెక్క ఇది. అవునూ కాదూ అనే పరీక్ష ఇరవై సార్లు చేస్తే, సగానికి సగం వచ్చిన ఫలితంలో ప్రామాణిక దోషం 0.11. అంటే 50 శాతం అన్నది 28కీ 72కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. నూరు చేస్తే దోషం 0.05. నాలుగు స్వరాలు, నాలుగు మోతాదులు, మూడు వేడులు పెట్టుకుంటే 48 గళ్ళు, గడికి ఇరవై చొప్పున 960 పరీక్షలు. వసారాలో ఒక చలికాలంలో అయ్యే పని కాదు. రెండు స్వరాలు, మూడు మోతాదులు, మూడు వేడులు అంటే 18 గళ్ళు, 360 పరీక్షలు. అందుకే 500 హెర్ట్జ్, 2 కిలోహెర్ట్జ్ ఆశ వదులుకున్నాం. ఆశపడి అన్నీ పెట్టుకున్నవారికి చివరికి గడికి నాలుగైదు మిగులుతాయి.

గడి గడికీ శాతాలు పోల్చుకోవడం కంటే ఆర్ అనే గణాంక ప్రోగ్రాములో లాజిస్టిక్ రిగ్రెషన్ (అవునూ కాదూ ఫలితం దేన్ని బట్టి ఎంత మారుతుందో చెప్పే లెక్క) మేలు. స్పందన ఒక వైపు. వేడి, స్వరం, మోతాదు, రొద రెండో వైపు. బల్లికీ బల్లికీ ఉండే తేడా లెక్కలోకి వచ్చేలా బల్లిని యాదృచ్ఛిక కారకంగా. వేడి గుణకం ఒక్కటే చూస్తే అందులో కాళ్ళూ చెవీ కలిసే ఉంటాయి. చూడాల్సింది వేడికీ స్వరానికీ మధ్య ఉన్న ఉమ్మడి గుణకం, అంటే చలి ప్రభావం స్వరాన్ని బట్టి ఎంత మారిందో చెప్పే అంకె. అది సున్నా అయితే, చలికి బల్లి మందగించిందని మాత్రమే చెప్పగలం, చెవి మాట ఎత్తకూడదు.

మాఘం పట్టికలో ఉమ్మడి గుణకం మొగ్గు చెవి వైపే ఉంది: 18 డిగ్రీల పలక మీద 4 కిలోహెర్ట్జ్ స్పందన 1 కిలోహెర్ట్జ్ కంటే ఎక్కువగా పడింది, పూసకు మాత్రం బల్లి కదిలింది. విశ్వాస అవధిలో, అంటే అసలు విలువ ఉండదగ్గ హద్దుల్లో, సున్నా ఇంకా ఉంది. కొద్ది బల్లులే ఎక్కువ పరీక్షలు మోశాయి. ఒక పెద్ద మగబల్లిని తీసేసి మళ్ళీ నడిపితే గుణకం సగం తగ్గుతోంది. ఒక బల్లి మీద ఇంతగా ఆనుకున్న ఫలితాన్ని బయట చెప్పం.

వైశాఖం: వచ్చే చలికి సిద్ధం

కావాల్సింది ఎక్కువ పరీక్షలు కాదు, ఎక్కువ బల్లులు. రెండో జత పలకలు ఆర్. ఉదయగిరి వైపు కొండ ఊళ్ళో పెడుతున్నాం. అక్కడ చలి ముందొచ్చి ఆలస్యంగా పోతుంది, కీచురాళ్ళు లేని రాత్రులు ఎక్కువ. కానీ గాలి 12 డిగ్రీలకు పడితే బల్లులు బయటికే రావు. కాబట్టి అక్కడ చల్లటి పలకను కూడా 18 దగ్గర నిలపాలి, రెండు పలకలకూ రెసిస్టర్లు కావాలి, బ్యాటరీ మీద భారం రెట్టింపు. 30 డిగ్రీల పలక 12 డిగ్రీల గాలిలో 18 డిగ్రీలు పైన ఉండాలి: ముందు నుంచే 49 వాట్లు, వెనక నష్టం కలిపితే 57.6 అంచు మీద పడుతుంది. పీచు పరుపును రెట్టింపు మందం చేయడం, లేదా ఐదో రెసిస్టరు కలిపి 72 వాట్లకు, 6 ఆంపియర్లకు పోవడం. ఐదో రెసిస్టరు పెడితే ఫ్యూజు 10 ఆంపియర్లకు మార్చాలి.

పర్లాకిమిడి పలకల డిస్టెంపరు కింది అంచున వానజల్లుకు ఉబ్బింది, గీకి మళ్ళీ వేయాలి. ఉత్తుత్తి బల్లుల్లో ఒకటి నీళ్ళు కారి తేలికైంది. తేలికైనది త్వరగా చల్లారి త్వరగా వేడెక్కుతుంది, చూపించే అంకె సరైనదిలాగే ఉంటుంది కాబట్టి పట్టుబడదు. నెలకోసారి వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచి, అర గ్రాము తగ్గితే విప్పి మళ్ళీ నింపాలి.